పరధ్యానానికి పని చెప్పడం: హిప్నాసిస్‌ను అర్థం చేసుకొని వాడుకునే పద్ధతి

అన్నం వద్దని మొరాయించే పిల్లవాణ్ణి చంకనేసుకొని వాకిట్లోకి వచ్చిన తల్లి, చందమామను చూపించి కథ మొదలుపెడుతుంది. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు బయలుదేరేసరికి పిల్లవాడి చూపు ఒకచోట నిలిచిపోతుంది, నోరు దానంతట అదే తెరుచుకుంటుంది, ఇందాక ఉమ్మేసిన ముద్దలే ఇప్పుడు ఒకటొకటిగా లోపలికి పోతాయి. వాడు నిద్రపోలేదు, స్పృహ తప్పలేదు, ఎవరికీ వశం కాలేదు. కథ నచ్చకపోతే మరుక్షణమే ఏడుపు అందుకుంటాడు. హిప్నాసిస్ అంటే ఏమిటని అడిగేవారికి నేను ముందుగా గుర్తుచేసేది ఈ ముద్దల సంగతే.

ధ్యాస ఒక విషయం మీద గట్టిగా నిలవడం, చుట్టూ ఉన్నవి మసకబారడం, ఆ సమయంలో అందిన సూచనకు మనసూ శరీరమూ మామూలుకంటే తేలికగా స్పందించడం అనే మూడూ కలిసిన స్థితికే హిప్నాసిస్ అని పేరు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌లోని హిప్నాసిస్ విభాగం 2014లో ఇచ్చిన నిర్వచనం కూడా దాదాపు ఇదే. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళుతూ, నార్కట్‌పల్లి ఎప్పుడు దాటిందో గుర్తులేకుండా సూర్యాపేటలో తేలే డ్రైవరుదీ, హరికథలో మునిగిపోయి పక్కవారు పిలిచినా వినిపించుకోని పెద్దావిడదీ దీనికి దగ్గరి స్థితే. మనం దాన్ని పరధ్యానం అంటాము. అది తనంతట తాను వచ్చిపోతే పరధ్యానం. కావాలని తెచ్చుకొని, ఒక ప్రయోజనానికి మళ్ళిస్తే హిప్నాసిస్. ఇది మామూలు మనఃస్థితులకు భిన్నమైన ప్రత్యేక స్థితి అని మనస్తత్వ శాస్త్రవేత్తలలో ఎర్నెస్ట్ హిల్‌గార్డ్ వంటివారు, ఆశించడం, ఊహించడం, పాత్రలో లీనం కావడం వంటి మామూలు శక్తులే దీనికి చాలునని నికొలస్ స్పానోస్ వంటివారు దశాబ్దాలపాటు వాదించుకున్నారు. ఆ వాదం తేలేవరకు ఆగవలసిన అవసరం రోగికి లేదు.

శక్తి ఎవరిది?

ఈ విద్యను నేర్చుకోవాలనుకునేవారికి మొదట అడ్డొచ్చేది వశీకరణం అనే మాట. పాఠశాల వార్షికోత్సవంలో ఎవరో ఒకరు వేదిక మీదికి వచ్చి, పదిమంది పిల్లలను పిలిచి, పచ్చి ఉల్లిపాయను యాపిల్ అని చెప్పి తినిపించడం చూసినవారికి, ఆయన కళ్ళలోనో వేళ్ళలోనో ఏదో ఉందని అనిపించడం సహజం. నిజానికి అక్కడ అసలు పని ఉల్లిపాయకు ముందే జరిగిపోతుంది. సభలో అందరినీ వేళ్ళు పెనవేసి చేతులు బిగించమని, ఇక విడదీయలేరని చెప్పి, నిజంగానే విడదీయలేక తంటాలు పడుతున్నవారిని మాత్రమే ప్రదర్శకుడు వేదిక మీదికి పిలుస్తాడు. అంటే తేలికగా స్పందించేవారిని ఏరుకుంటాడు. పైగా, వేదిక ఎక్కిన మనిషికి చప్పట్లు కొట్టే జనాన్ని నిరాశపరచడం ఇష్టం ఉండదు.

వియన్నా వైద్యుడు ఫ్రాంజ్ ఆంటన్ మెస్మర్, తన చేతుల నుంచి ఒక అయస్కాంత ద్రవం రోగిలోకి ప్రవహిస్తుందని నమ్మాడు. 1784లో ఫ్రాన్స్ రాజు నియమించిన సంఘం, బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లావోయిజే వంటివారు సభ్యులుగా, రోగులకు కళ్ళకు గంతలు కట్టి పరీక్షించి, ద్రవమేదీ లేదని, జరిగినదంతా ఊహాశక్తి ఫలితమని తేల్చింది. సంఘం ఆ మాటను కొట్టివేతగా అన్నది; ఊహకు అంత బలం ఎక్కడిదని ఎదురు ప్రశ్న వేసి ఉంటే వైద్యం వంద సంవత్సరాలు ముందుకు నడిచేదేమో. ఆ ప్రశ్నకు దగ్గరగా వచ్చినవాడు మన గోవాలోని కాండోలింలో 1756లో పుట్టిన అబే ఫరియా. పారిస్‌లో ప్రదర్శనలిస్తూ, తన దగ్గర ఏ శక్తీ లేదని, స్పందించే శక్తి ఎదుటి మనిషిలోనే ఉందని ఆయన చెప్పాడు. పణజిలో పాత సచివాలయం పక్కన ఆయన విగ్రహం ఉంది. అందులో ఆయన ఒక స్త్రీ మీదికి రెండు చేతులూ చాచి నిలబడి ఉంటాడు. జీవితమంతా కాదన్న విషయాన్నే శిల్పంలో ఆయనకు అంటగట్టినట్టు నాకు కనిపిస్తుంది.

హిప్నాటిజం అనే మాటకు ప్రచారం తెచ్చినవాడు మాంచెస్టర్‌లో పనిచేసిన శస్త్రవైద్యుడు జేమ్స్ బ్రెయిడ్. నిద్ర అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి ఆ పేరును తీసుకొని, 1843లో పుస్తకం వేసి, తరువాత ఇది నిద్ర కాదని, ఒకే ఆలోచన మీద మనసు నిలవడమని గ్రహించి పేరు మార్చబోయాడు. అప్పటికే పేరు నాటుకుపోయింది. హిప్నాసిస్‌లో ఉన్నవారి మెదడు తరంగాలు మేలుకొన్నవారి తరంగాలను పోలి ఉంటాయి. వ్యాయామ సైకిల్ తొక్కుతూ కూడా మనుషులు ఈ స్థితిలోకి వెళ్ళగలరని 1976లో ఇవా బాన్యాయి, హిల్‌గార్డ్ చూపించారు. కాబట్టి కళ్ళు మూసుకున్నాక బయటి శబ్దాలు వినిపిస్తున్నంత మాత్రాన తనకు హిప్నాసిస్ రాలేదని ఎవరూ అనుకోనక్కర లేదు.

ముందు రెండు చిన్న పరీక్షలు

ఒకచోట కూర్చొని కళ్ళు మూసుకోండి. పచ్చి కలెక్టరు మామిడికాయను కత్తిపీట మీద చెక్కు తీయకుండానే కోస్తున్నట్టు, జీడి దగ్గర కత్తి కొద్దిగా ఆగి టక్కున దిగినట్టు, తెల్లని ముక్క అంచున తడి తేలినట్టు చూడండి. దానికి ఉప్పూ కారం అద్ది, పంటి కింద పెట్టుకొని కొరకండి. ఈ వాక్యం చదువుతుండగానే నోట్లో నీరూరినవారు చాలామంది ఉంటారు. లాలాజలాన్ని ఊరమని ఆజ్ఞాపిస్తే ఊరదు. దృశ్యం చూపిస్తే ఊరుతుంది. హిప్నాసిస్‌లో సూచన పనిచేసే తీరు ఇదే.

రెండో పరీక్షకు జానెడున్నర దారం, ఒక ఉంగరం చాలు. ఉంగరాన్ని దారానికి కట్టి, మోచేతిని బల్లకు ఆనించి వేలాడదీయండి. చేతిని కదపకుండా, ఉంగరం ఎడమ నుంచి కుడికి ఊగుతున్నట్టు మాత్రమే ఊహించండి. నిమిషం లోపలే అది ఊగడం మొదలవుతుంది. గుండ్రంగా తిరుగుతున్నట్టు ఊహిస్తే గుండ్రంగా తిరుగుతుంది. కంటికి ఆనని కండరాల కదలికలే దీనికి కారణమని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ 1833లోనే వివరించాడు. బోరు వేయడానికి ముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని పొలంలో నడిచే నీళ్ళ పరీక్షకులను రాయలసీమలోనూ తెలంగాణలోనూ చూస్తూ ఉంటాము. కాయ నిలబడినప్పుడు ఆయన మనల్ని మోసం చేస్తున్నాడని నేను అనను. తన చేయే కదిపిందన్న సంగతి ఆయనకు తెలియదు, అంతే.

ఈ రెండింటిలో ఏమీ జరగనివారు దిగులు పడవద్దు. స్పందించే గుణం అందరిలో ఒకేలా ఉండదు. నూటికి పది పదిహేనుమంది చాలా తేలికగా స్పందిస్తారు, మరో పది పదిహేనుమంది దాదాపు స్పందించరు, తక్కినవారు నడుమ ఉంటారు. తెలివితక్కువవారే లొంగుతారన్నది అపోహ.

తనకు తాను చేసుకునే పద్ధతి

నిపుణుడు చేయించినా చివరికి పని జరిగేది మన మనసులోనే కాబట్టి, స్వయంగా చేసుకోవడం నేర్చుకుంటే తక్కినదంతా అర్థమవుతుంది. పంటి వైద్యుడి కుర్చీ అంటే గుండె జారే మనిషిని నేను. రూట్ కెనాల్ చేయించుకోవలసి వచ్చినప్పుడు పాటించిన క్రమాన్నే ఇక్కడ వివరిస్తాను. మత్తు ఇంజెక్షన్‌కు బదులుగా దీన్ని వాడలేదు. ఇంజెక్షన్ వరకూ పారిపోకుండా కూర్చోవడానికి వాడుకున్నాను.

మొదటి పని కళ్ళు మూసుకోవడం కాదు, కాగితం తీసుకోవడం. ఒక్క ఉద్దేశాన్ని ఎంచుకొని, దాన్ని ఒకటి రెండు వాక్యాలలో రాయాలి. ఇక్కడే చాలామంది తప్పుచేస్తారు. ‘నాకు భయం వేయదు’ అని రాసుకుంటారు. కోతిని తలచుకోకుండా మందు తాగమన్న వైద్యుడి కథ మనకు తెలిసిందే. గ్లాసు ఎత్తిన ప్రతిసారీ కోతే వచ్చి కూర్చుంటుంది. వద్దన్నదే కళ్ళముందు నిలుస్తుంది కనుక, కావలసినదాన్ని రాయాలి; అదీ శరీరానికి అర్థమయ్యేటట్టు, ఎక్కడ ఏమి జరుగుతుందో చెప్పాలి. నేను రాసుకున్నది ఇది: ‘కుర్చీ వెనక్కి వాలుతుంది. నా భుజాలు దిగి, దవడ వదులవుతుంది. లైటు వెలిగినప్పుడల్లా నా ఊపిరి ఇంకొంచెం నిదానిస్తుంది.’ మూడో వాక్యం ముఖ్యమైనది. ఇంతకుముందు భయాన్ని లేపిన లైటునే నెమ్మదికి గుర్తుగా మార్చుకోవడం అందులోని కిటుకు.

తరువాత సమయం, చోటు. భోజనం చేసిన వెంటనే కూర్చుంటే నిద్ర పడుతుంది. వీపుకు ఆనుడు ఉన్న కుర్చీలో, పాదాలు నేలకు ఆనేటట్టు, బిగుతు బట్టలు లేకుండా కూర్చోవాలి. ఇంట్లోవారికి ఇరవై నిమిషాలు పిలవవద్దని చెప్పి, ఫోను మోగకుండా చేసి, ఇరవై నిమిషాలకు అలారం పెట్టుకోవాలి. బండి నడుపుతూ, పొయ్యి మీద ఏదైనా పెట్టి, పసిపిల్లలకు కాపలా ఉంటూ దీన్ని చేయకూడదు.

ఎదురుగా గోడ మీద, కనుచూపుకు కొంచెం పైన, మేకునో క్యాలెండరు మూలనో ఒకదాన్ని ఎంచుకొని తల ఎత్తకుండా చూపును అక్కడ నిలపండి. బ్రెయిడ్ నాటి పద్ధతి ఇది. రెండు నిమిషాలకు కళ్ళు మండి, రెప్పలు బరువెక్కుతాయి. అందులో మాయ లేదు, ఎవరి కళ్ళైనా అలసిపోతాయి. ఆ బరువును గమనిస్తూ, ఊపిరి తీసుకున్న దానికంటే ఎక్కువసేపు వదులుతూ, రెప్పలు వాలాలనుకున్నప్పుడు వాలనివ్వండి. అప్పుడు పాదాల నుంచి మొదలుపెట్టి పిక్కలు, మోకాళ్ళు, తొడలు, నడుము, చేతులు, మెడ, దవడ, నొసలు వరకూ ఒక్కొక్క భాగాన్నీ పలకరిస్తూ రావాలి. యోగనిద్ర చేసినవారికి ఈ మెట్టు పరిచయమే. దవడ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. మనకు తెలియకుండా పళ్ళు కరుచుకొని ఉంటాము.

ఇప్పుడు లోతుకు దిగాలి. పది నుంచి ఒకటి వరకు లెక్కిస్తూ ఒక్కో అంకెకు ఒక్కో మెట్టు దిగుతున్నట్టు ఊహించడం తేలిక పద్ధతి. నాకు రాజమహేంద్రవరంలోని గోదావరి రేవు పనికొచ్చింది: తెల్లవారుజామున రాతిమెట్టు మీద అరికాలికి తగిలే చల్లదనం, నాచు వాసన, ఎక్కడో గుడి గంట, మూడో మెట్టు దగ్గర పాదాన్ని తడిపిన నీరు. ఎంత చిన్న వివరం చేర్చితే మనసు అంత గట్టిగా పట్టుకుంటుంది. నీళ్ళంటే భయమున్నవారు రేవును వదిలి, అమ్మమ్మగారింటి పెరట్లోకో, మామిడితోటలోకో దిగవచ్చు. చోటు ఎవరిది వారిదే కావాలి. అరువు దృశ్యం నిలవదు.

ఒకటి దగ్గరికి చేరాక, ముందు రాసుకున్న వాక్యాలను మనసులో నిదానంగా, మూడు నాలుగుసార్లు చెప్పుకోవాలి. చెప్పుకోవడంతో ఆపకుండా ఆ దృశ్యాన్ని చూడాలి: కుర్చీ వాలడం, లైటు వెలగడం, దవడ వదులవడం. మధ్యలో కరెంటు బిల్లు గుర్తుకొస్తుంది. రానివ్వండి, దాన్ని తరిమే ప్రయత్నం చేయకుండా మళ్ళీ మెట్టు మీదికి రండి. ఫలించిందా లేదా అని మాటిమాటికీ తరచి చూసుకోవడం మాత్రం, నాటిన గింజను రోజూ తవ్వి మొలిచిందా అని చూడటం లాంటిది.

తిరిగి రావడం కూడా పద్ధతిలో భాగమే. ఒకటి నుంచి ఐదు వరకు లెక్కిస్తూ, రెండు దగ్గర వేళ్ళు కదిపి, మూడు దగ్గర లోతుగా ఊపిరి తీసుకొని, ఐదు దగ్గర కళ్ళు తెరిచి, గదిలోని మూడు వస్తువుల పేర్లు పైకి చెప్పండి. ఒకటి రెండు నిమిషాలు కూర్చున్నాకే లేవండి. మత్తుగా ఉంటే బండి తాళం ముట్టుకోవద్దు. లోపలే ఇరుక్కుపోతామన్న భయం అక్కరలేదు. ఎవరూ పిలవకపోతే మనిషి తనంతట తానే తేరుకుంటాడు, లేదా కాసేపు నిద్రపోయి లేస్తాడు. వైద్యుడి దగ్గరికి వెళ్ళడానికి కనీసం రెండు వారాల ముందునుంచి రోజుకోసారి చేస్తే, ఆ రోజున లైటు వెలిగినప్పుడు శరీరానికి దారి తెలిసి ఉంటుంది. నాకు మొదటి నాలుగు రోజులూ నిద్రే పట్టింది.

వైద్యంలో దీని చోటు

నొప్పి విషయంలో దీనికి దొరికిన ఆధారాలు బలమైనవి. ఈ చరిత్రలో ఒక పెద్ద ఘట్టం మన దేశంలోనే జరిగింది. బెంగాల్‌లోని హుగ్లీలో పనిచేసిన స్కాటిష్ శస్త్రవైద్యుడు జేమ్స్ ఎస్‌డేల్ 1845 ఏప్రిల్‌లో ఒక ఖైదీకి వరిబీజం శస్త్రచికిత్స చేసినప్పుడు మెస్మర్ పద్ధతిని వాడి చూశాడు. తరువాత పెద్ద కణితులను కూడా అలాగే తొలగించాడు. గంటల తరబడి రోగుల పక్కన కూర్చొని చేతులు ఆడించినవారు ఆసుపత్రిలోని భారతీయ సహాయకులు. పేరు మాత్రం దొరది. 1846లో కలకత్తాలో ఆయనకు ఒక ఆసుపత్రిని కూడా ఇచ్చారు. ఆలోపే ఈథర్, ఆ మరుసటి సంవత్సరం క్లోరోఫారం అనే మత్తుమందులు రంగంలోకి దిగాయి. క్షణాల్లో అందరి మీదా పనిచేసే మందు ఉండగా గంటల పని ఎవరికి కావాలి?

నొప్పి తగ్గిందని రోగి మర్యాదకు చెబుతున్నాడా, నిజంగానే తగ్గిందా అన్న అనుమానానికి 1997లో పియర్ రెన్‌విల్ బృందం మెదడు చిత్రాలతో జవాబిచ్చింది. వేడినీళ్ళలో చేయి పెట్టినవారికి హిప్నాసిస్‌లో బాధ తగ్గుతుందని సూచించినప్పుడు, నొప్పి వల్ల కలిగే బాధకు సంబంధించిన మెదడు భాగంలో చురుకుదనం మారింది. స్పర్శను గుర్తించే భాగం మాత్రం ఎప్పటిలాగే ఉంది. అంటే నొప్పి కబురు అందుతూనే ఉంటుంది, దాని కాటు తగ్గుతుంది. 2007లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సకు వెళ్ళే 200 మంది స్త్రీలలో కొందరికి ముందుగా 15 నిమిషాలు హిప్నాసిస్ చేయించగా, వారికి మత్తుమందు తక్కువ సరిపోయింది, తరువాత నొప్పీ వికారమూ తక్కువగా ఉన్నాయి. బెల్జియంలోని లియెజ్‌లో 1992 నుంచి కొన్ని శస్త్రచికిత్సలకు స్థానిక మత్తుతో కలిపి దీన్ని వాడుతున్నారు.

రెండో బలమైన చోటు పేగు. పరీక్షలన్నీ బాగానే ఉన్నా కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాల ఇబ్బందితో ఏళ్ళకేళ్ళు తిరిగే ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) రోగులకు, మాంచెస్టర్‌లో పీటర్ వొర్వెల్ 1984లో కడుపు మీద ధ్యాస నిలిపే హిప్నాసిస్‌ను పరీక్షించి మంచి ఫలితం చూపించాడు. పొట్ట మీద చేయి ఉంచుకొని వెచ్చదనాన్ని ఊహించడం, పేగును నెమ్మదిగా పారే కాలువలా చూడటం ఆ పద్ధతిలోని సూచనలు. ఏడాదిపాటు మందులు వాడినా గుణం కనిపించనివారికి దీన్ని ఆలోచించవచ్చని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2008లో తన మార్గదర్శకాలలో చేర్చింది. కీమోథెరపీకి ముందు వచ్చే వికారం, పిల్లలకు సూది భయం వంటివాటిలోనూ ఉపయోగం కనిపించింది. సిగరెట్ మాన్పించడంలో మాత్రం తక్కిన పద్ధతులకంటే ఇది మేలని నమ్మడానికి తగిన ఆధారం లేదు. ఒకే ఒక్క సిట్టింగులో మాన్పిస్తామనే ప్రకటనలను ఆ లెక్కలోనే చూడాలి.

ఆగవలసిన చోట్లు

కారణం తెలియని నొప్పిని హిప్నాసిస్‌తో అణచకూడదు. ఛాతీ పట్టేసినా, కడుపులో కుడివైపు కింద పోటు పెట్టినా, కొత్తగా తలనొప్పి మొదలైనా ముందు వైద్యుడు చూడాలి. బీపీ, షుగర్, మూర్ఛ మాత్రలను దీని పేరు చెప్పి ఆపకూడదు. లేని మాటలు వినిపించడం, ఎవరో వెంటాడుతున్నట్టు అనిపించడం వంటి లక్షణాలున్నవారు, ఉన్మాద దశలో ఉన్నవారు స్వయంగా దీని జోలికి పోకుండా మనోవైద్యుడి సలహా మీదే నడవాలి. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే గోడ మీది మేకును చూడటం కాదు, వెంటనే 14416 నంబరుకు ఫోన్ చేయాలి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఉచిత సేవ, తెలుగులో మాట్లాడవచ్చు.

మరచిపోయిన జ్ఞాపకాలను తవ్వి తీస్తామనేవారి దగ్గర మరింత జాగ్రత్త అవసరం. హిప్నాసిస్ జ్ఞాపకాన్ని పదును పెట్టదు. ఊహించినదాన్ని జ్ఞాపకమని నమ్మే ధీమాను పెంచుతుంది. చిన్నతనంలో ఇంట్లోవారెవరో హాని చేశారని ఇలా ‘గుర్తుకు’ వచ్చి కుటుంబాలు విడిపోయిన ఉదంతాలు 1980లు, 90లలో అమెరికాలో కోర్టుల దాకా వెళ్ళాయి. మన నగరాలలో ఇప్పుడు గిరాకీ ఉన్న పూర్వజన్మ దర్శనాలకూ ఇదే వర్తిస్తుంది. పోయిన జన్మలో ఎక్కువమంది రాణులుగానో సైనికులుగానో ఉండటమే నాకు అనుమానం తెప్పించే సంగతి. అప్పుడు కళ్ళం ఊడ్చినవాళ్ళు ఎవరు?

నిపుణుణ్ణి ఎంచుకోవడం

తగిన శిక్షణ ఉన్నవారు హిప్నోథెరపీని చికిత్సా విధానంగా వాడవచ్చని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2003లో పేర్కొన్నది. అయితే వైద్యులకు ఉన్నట్టు హిప్నోథెరపిస్టులకంటూ చట్టబద్ధమైన కౌన్సిల్ లేదు. వారాంతపు తరగతికి వెళ్ళినవారు కూడా గోడకు సర్టిఫికెట్ తగిలించుకోవచ్చు. అందువల్ల హిప్నాసిస్ పత్రాన్ని పక్కనబెట్టి, దాని కింద ఉన్న అసలు చదువును చూడాలి. మనోవైద్యులైతే వైద్య మండలి నమోదు, క్లినికల్ సైకాలజిస్టులైతే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు నంబరు అడగవచ్చు. అడిగితే నొచ్చుకునేవారి దగ్గర కూర్చోనవసరం లేదు. తనకు హిప్నాసిస్ లేకుండా వైద్యం చేయడం రాని జబ్బుకు, హిప్నాసిస్‌తో కూడా వైద్యం చేయకూడదన్నది ఈ రంగంలో పాత నియమం. పంటి డాక్టరు పంటి భయానికి వాడవచ్చు, ఆస్తమాకు వాడకూడదు.

మొదటి రోజే కళ్ళు మూయించేవారికంటే, జబ్బు చరిత్ర, మందులు, గతంలో చేసిన చికిత్సలు అడిగి రాసుకునేవారు మేలు. ఎన్ని సిట్టింగులు, మొత్తం ఖర్చెంత అని ముందే తేల్చుకోండి. ఐబీఎస్‌కు వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో మూడు నెలల్లో ఏడు సిట్టింగులు ఉంటాయి, మాంచెస్టర్ పద్ధతిలో పన్నెండు వరకు ఉంటాయి. ఒక్కరోజులో నయమన్నా, ఏడాదికి ముందుగా డబ్బు కట్టమన్నా లేచి రావచ్చు. తోడుగా ఒకరిని గదిలో కూర్చోబెట్టుకుంటామంటే మంచి నిపుణుడు కాదనడు.

భాష సంగతి కూడా అడగండి. విదేశాలలో ఉండే తెలుగువారు ఆ దేశపు నిపుణుడి దగ్గరికి వెళ్ళినప్పుడు, ఆయన మాటలన్నీ అర్థమవుతూనే ఎక్కడా తగలకపోవడం ఉంటుంది. అప్పుడు సూచన వాక్యాలను ఆయనతో కలిసి తయారుచేసుకొని, ఇంటికి వచ్చి తమ యాసలోకి మార్చి, ఫోనులో సొంత గొంతుతోనే రికార్డు చేసుకోవచ్చు. ‘భుజాలు విశ్రాంతి పొందుచున్నవి’ అని కాకుండా, శ్రీకాకుళంలోనో కరీంనగర్‌లోనో చిన్నప్పుడు జ్వరం వస్తే తల నిమురుతూ ఇంట్లో ఏ మాట అనేవారో ఆ మాటే వాడండి. వాక్యానికీ వాక్యానికీ నడుమ రెండు ఊపిరులు పట్టేంత ఖాళీ వదలండి. మొదటిసారి రికార్డు చేసేటప్పుడు అందరూ తొందరపడతారు.